చిత్తుబొమ్మల విలువ

మా బహదూర్‌పల్లిలో నేడెటు చూచినను క్రొత్త కట్టడములే. పునాది త్రవ్వుటకు పూర్వము మేస్త్రీ నేలపై సున్నముతో ముగ్గు పోయును. గది యిరుకని యజమానికి తోచినచో, ఆ గీతను కాలితో చెరిపి వేరొకటి పోయుట అరనిమిషపు పని. గోడ లేచిన పిదప ఆ తప్పు దిద్దుటకెంత వ్యయమో, ఎంత మనస్తాపమో ఇల్లు కట్టినవారెరుగుదురు. త్రవ్వకము సాగినంతనే ముగ్గు మాయమగును. గృహప్రవేశమునకు వచ్చిన బంధువులలో దానిని తలచువారుండరు. అయినను ఇంటి రూపము మొదట తేలినది దానియందే.

చలనచిత్రములయందును, వీడియో ఆటలయందును ఇట్టి ముగ్గునకు కాన్సెప్ట్ ఆర్ట్ అని పేరు. తెలుగున ఊహాచిత్రమనవచ్చును. కథలో మాటలుగా నున్న నగరము, ఆయుధము, వేషము, మృగము కంటికెట్లు కానవచ్చునో తేల్చుటకై చిత్రకారుడు వ్రాయు పలు చిత్తుబొమ్మలివి. మాటను చూపుగా మార్చు ఈ పనినంతను దృశ్యరూపకల్పన యందురు. దర్శకుడు, వడ్రంగి, దర్జీ, ఛాయాగ్రాహకుడు వేరువేరు నగరములను తలచుకొని పని మొదలిడినచో చిత్రము నడువదు. వారందరి మనస్సులయందును ఒకే నగరమును నిలుపునది ఊహాచిత్రము.

విజయా వారి మాయాబజార్ 1957లో విడుదలైనది. మన తాతలు దానిని చూచిరి. మన పిల్లలును చూచుచున్నారు. దర్శకులు కె. వి. రెడ్డిగారు, కళాదర్శకులు మాధవపెద్ది గోఖలేగారు, కళాధర్‌గారు. గోఖలేగారు చేయి తిరిగిన చిత్రకారులు. ద్వారకను కన్నులార చూచినవారెవరును లేరు. ఘటోత్కచుని మాయానగరమునకు నమూనా యే ఊరను దొరకదు. కనుక అవి మొదట కాగితముపై పుట్టి, పిదప కొయ్యగాను, రంగుగాను మారవలసియుండెను. ద్వారకానగర దృశ్యమునకై 50 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు గల స్థలమున సుమారు 300 చిన్న యిండ్లను నిర్మించిరి. ముందు గీతయందు తేలనిదే అన్ని యిండ్ల వీథులు నేలపై నెట్లు తేలును? మన హైదరాబాదు చెంత రామోజీ ఫిల్మ్ సిటీలో సాబు సిరిల్‌గారు రూపకల్పన చేసిన మాహిష్మతియు ఇట్లే కాగితమునుండి లేచి, 2015లో బాహుబలి చిత్రమున మనకు కానవచ్చినది.

ఊహాచిత్రమును అలంకారమని తలచుట పొరపాటు. ప్రతి చిత్రము వెనుక నొక ప్రశ్న యుండును. అమెరికాలో 1977లో విడుదలైన స్టార్ వార్స్‌కు రాల్ఫ్ మెక్వారీ ముందుగా చిత్రములు వ్రాసెను. ప్రతినాయకుడైన డార్త్ వేడర్ ఒక నౌకనుండి మరియొక నౌకకు గాలిలేని చోట దాటి రావలెను. అక్కడ ఊపిరి యెట్లు పీల్చునని చిత్రకారుడు యోచించి, శ్వాసయంత్రము గల ముసుగును గీసెను. లోకమెల్ల నెరిగిన ఆ ముఖము ఒక ప్రశ్నకు జవాబుగా పుట్టినది.

ఇది వ్రాయుచు మేము సిగ్గుపడవలసిన సంగతి యొకటి గలదు. కొన్నియేండ్ల క్రిందట ఒక బాలుడు గణితపు నోటుపుస్తకము చివరి పుటలో ఒకే కోటద్వారమును ఏడు విధములుగా గీసియుండెను. మేము కోపించి ఆ పుట చించితిమి. గీసినదే గీయుట మాకు సోమరితనముగా తోచెను. ఆ యేడింటిలో నేది తగునో యని బాలుడు వెదకుచున్నాడని మాకు స్ఫురింపలేదు. శిక్షణాలయమున నల్లబల్లపై చక్కని బొమ్మ గీయుట నేర్చితిమి గాని, వెదకుచున్న బొమ్మను గుర్తించుట నేర్చుకొనలేదు.

పూలకుండీని చూచి పూలకుండీని దింపినవానికి మనము మార్కులిచ్చుచున్నాము. కంటిని, చేతిని కుదుర్చుటకది మంచిదే. కాని మూడు విధములుగా గీసి, రెంటిని త్రోసిపుచ్చి, ఏల త్రోసిపుచ్చెనో చెప్పగల బాలునికి మార్కులేవి? చిత్రలేఖనపు గంటలో చిత్తుపుటలనుగూడ చూచి విలువ కట్టవలెనని మా అభిప్రాయము. పరీక్షలు సమీపింపగానే ఆ గంటను గణితమున కిచ్చుటయు మానవలెను.

యంత్రమే క్షణములో బొమ్మ వ్రాసి యిచ్చుచుండగా మా పిల్లలు గీయనేల యని కొందరు తల్లిదండ్రులు మమ్మడుగుచున్నారు. యంత్రములవలన ఈ వృత్తిలోనివారికి కలవరము కలిగినమాట నిజము. ప్రతి బాలుడు చిత్రకారుడే కావలెనని మేమనము. కాని యంత్రము నూరు బొమ్మలిచ్చినను, అందేది కథకు తగును, ఏల తగును అని తేల్చు భారము మనుష్యునిదే. తానుగా గీసి, చెరిపి, మరల గీసినవానికి గాక ఆ వివేకమితరుల కంత సులభముగా నలవడదు. ఇల్లు కట్టువానికిని, వ్యాసము వ్రాయువానికిని, యంత్రములు చేయువానికిని ఆ వివేకమే కావలెను.

విద్యార్థులారా, మీ చిత్తుపుటలను దాచుకొనుడు. మొదటి బొమ్మతోనే తృప్తిపడకుడు; రెండవదానిని గీసి, రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. వానిని మాకు చూప సంకోచింపకుడు. ఇకమీదట మేము చించము; ఇన్ని విధములుగా గీచితివి, ఇందు నీ వెన్నుకొన్నదేది యని మాత్రమే అడుగుదుము.