నూనెకు సాక్ష్యం రంగు కాదు

మన ఉభయ భాషలలోను నూనెకు పేరు పెట్టినది నువ్వుగింజయే. నువ్వు, నెయ్యి కలిసి 'నూనె' అయినది; సంస్కృతంలోని 'తిల' శబ్దం నుండి 'తైలం', ఆ దారినే ఉర్దూలోని 'తేల్' వచ్చినవి. తరువాత వేరుసెనగ వచ్చినది, ప్రొద్దుతిరుగుడు వచ్చినది, ఓడలలో పామాయిల్ వచ్చినది. అన్నిటికీ ఆ పాత పేరే సరిపోయినది. పేరు ఒక్కటైనంత మాత్రాన సీసాలోని పదార్థం ఒక్కటేనని నమ్మడానికి వీలు లేదు. ఈ విషయంలో మన రసాయనశాస్త్ర ప్రయోగశాల చేయదగిన పని ఒకటి ఉన్నదని విద్యార్థి మిత్రులకు, కళాశాల కమిటీ పెద్దలకు విన్నవించుకోవడమే నా ఉద్దేశం.

నేడు ప్రజలలో రెండు విశ్వాసాలు బలంగా నాటుకొని ఉన్నవి. నీటివలె తేటగా ఉన్న నూనె మంచిదని కొందరు, కట్టె గానుగలో ఆడించినదే మంచిదని మరికొందరు. ఈ రెండవ వర్గం ఇటీవల పెరిగి, గానుగ నూనెకు రెట్టింపు ధర కూడ చెల్లిస్తున్నది. ఆ ధరకు అసలు కారణం వేరు. వేరుసెనగ పప్పులో నూటికి 45 నుండి 50 పాళ్ల నూనె ఉంటుంది. గానుగ ఆడిన పిదప చెక్కలో అందులో పదో వంతుకు పైగా మిగిలిపోవచ్చును. ఎక్స్‌పెల్లర్ చెక్కలో నూటికి ఆరేడు పాళ్లు మిగులుతుంది. హెక్సేన్ అనే ద్రావణితో తీస్తే ఒక పాలు కూడ మిగలదు. కనుక గానుగ నూనె కొనేవాడు చెక్కలో పోయిన నూనెకు కూడ వెల చెల్లిస్తున్నాడే గాని స్వచ్ఛతకు కాదు. రుచి, వాసన నిలిచి ఉండటం నిజమే, నాకూ అదే ఇష్టం. కాని బూజు పట్టిన పప్పు గానుగలో పడితే, అఫ్లటాక్సిన్ అనే విషంలో కొంత భాగం వడగట్టని నూనెతో పాటే వస్తుంది. గానుగ కట్టెదైనందువలన అది ఆగదు.

తేట నూనె సంగతి మరొక విధం. క్షారంతో ఆమ్లాలను కడిగి, బ్లీచింగ్ మట్టితో రంగు తీసి, శూన్యంలో ఆవిరి పంపి వాసన పోగొడతారు. దోషాలు తొలగుతాయి, సందేహం లేదు. దానితో పాటు మన నాయనమ్మల ముక్కుకు, నాలుకకు అందే సాక్ష్యం కూడ తొలగిపోతుంది. ఆ తరువాత ఏ నూనె ఏ గింజదో చెప్పగలిగినది పరీక్షనాళిక ఒక్కటే.

మన బి.యస్సీ. ప్రయోగాలలో నూనెకు సాపొనిఫికేషన్ విలువ, అయొడిన్ విలువ కట్టవలసి ఉన్నది. ఏటా అదే సీసా, అదే జవాబు. పూర్వ విద్యార్థుల రికార్డు పుస్తకంలో అంకె ముందే సిద్ధంగా ఉంటుంది. ఫలితం ఏమి రావాలో తెలిసి చేసే పనిని ప్రయోగమని ఎందుకనాలి? నేను గత సంవత్సరం ఆ సీసాను ప్రక్కన పెట్టి మా ఇంటి నూనె తెచ్చాను. మా అబ్బాకు ఊరిలో చిన్న ఎక్స్‌పెల్లర్ మిల్లు ఉన్నది. 'కళ్లు మూసుకొని కొనండి' అని ఆయన వాడుకదార్లతో చెప్పే మాట నేను బాల్యం నుండి వింటున్నాను. పది గ్రాముల నూనెను తటస్థం చేసిన ఆల్కహాలులో వేడిచేసి, ఫినాఫ్తలీన్ వేసి, 0.1 నార్మల్ పొటాషియం హైడ్రాక్సైడ్ పోశాను. గులాబి రంగు నిలవడానికి 12.8 మిల్లీలీటర్లు పట్టినది. అంటే ఆమ్ల విలువ 7.2. వేరుసెనగ నూనెకు నిబంధనలు అనుమతించేది 6. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే.

ఆ అంకెను ఇంటికి తీసుకొని వెళ్లడం ప్రయోగం చేసిన దానికంటే కష్టమైనది. అబ్బా చాలసేపు మాట్లాడలేదు. పిమ్మట, "బేటా, నేను ఏమీ కలపలేదు" అన్నారు. అది సత్యం. ఆయన కల్తీ చేయలేదు. వానకు తడిసిన కాయ, విరిగిన పప్పు చవకగా వస్తే కొన్నారు. తడి తగిలిన పప్పులో ఎంజైములు నూనెను విడగొట్టి ఆమ్లాలను వదులుతాయి. మోసం లేకుండానే నూనె చెడుతుందన్న ఈ చిన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు, నలభై ఏళ్ల వ్యాపారంలో. ఆ డబ్బాలు సబ్బు చేసేవారికి పోయినవి. ఇప్పుడు కాయ కొనేటప్పుడు ఆయన గుప్పెడు పప్పు విరిచి, తేమ చూసి గాని బేరం ఆడరు.

కల్తీ చేసేవారి తెలివి వేరు. వేరుసెనగ నూనె అయొడిన్ విలువ 85 నుండి 99 వరకు ఉండవలెను. పామోలిన్ విలువ అంతకంటె చాల తక్కువ, పత్తిగింజల నూనెది ఎక్కువ. రెండింటినీ తగిన పాళ్లలో కలిపితే అంకె చక్కగా హద్దులలోనే నిలుస్తుంది! కనుక ఒక్క పరీక్షను నమ్ముకొన్నవాడు మోసపోక తప్పదు. పత్తి నూనెకు హాల్ఫెన్ పరీక్షలో ఎరుపు రంగు వస్తుంది. కాని బాగా కాచిన నూనె ఆ పరీక్షకు కూడ లొంగదు. అప్పుడు బెల్లియర్ పరీక్షలో నూనె మసకబారే ఉష్ణోగ్రత చూడవలెను. వేరుసెనగకు అది 39 నుండి 41 డిగ్రీలు. పెరాక్సైడ్ విలువ కూడ ఇట్టిదే: ముక్కిపోవడం మొదలైనప్పుడు పెరుగుతుంది, బాగా ముక్కిన తరువాత ఆ పెరాక్సైడ్లు విరిగి అంకె తగ్గుతుంది. తక్కువ అంకె చూసి సంతోషించరాదు.

చట్టం కూడ ఒకప్పుడు రసాయనశాస్త్రాన్ని చక్కగా వాడుకొన్నది. నేతిలో వనస్పతి కలిపితే పట్టుకొనడం ఎట్లా? వనస్పతిలో నూటికి 5 పాళ్లకు తగ్గకుండ నువ్వుల నూనె ఉండవలెనని నియమించారు. నువ్వుల నూనె బాడూయిన్ పరీక్షలో గులాబి రంగు ఇస్తుంది గనుక, వనస్పతి కలిసిన నెయ్యి తన దొంగతనాన్ని తానే చెబుతుంది. ఇంతకంటె ముచ్చటైన నిబంధన నాకు తెలియదు.

ఇదంతా అతి జాగ్రత్త అనేవారు 1998ని తలచుకోవలెను. ఆ యేడు ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలిసి, అరవై మందికి పైగా మరణించారు. వేలమంది కాళ్లు వాచి ఆసుపత్రుల పాలయ్యారు. గాఢ నత్రికామ్లంతో కలిపి కుదిపితే ఆమ్లపు పొర నారింజ, ఎరుపు రంగులకు తిరిగి ఆ విషాన్ని అనుమానించడానికి చాలును. ఆ పరీక్షకు పట్టేది నిమిషాలు. 1981లో స్పెయిన్‌లో పరిశ్రమల కోసం అనిలిన్ కలిపిన రేప్‌సీడ్ నూనెను వంటకు అమ్మినందున మూడు వందల మందికి పైగా పోయారు. విడి నూనె అమ్మకాన్ని మన దేశంలో 2011 నాటి నిబంధనలు నిషేధించినా, డబ్బాలోంచి కొలిచి పోసే అంగళ్లు ప్రతి సందులోను కనబడుతున్నవి. బీదవారు కొనేది అక్కడే.

ఈ విద్య మనకు దూరపుది కాదు. హైదరాబాదులో 1944లో నెలకొల్పిన పరిశోధనశాల, నేటి ఐ.ఐ.సి.టి., నూనెల శాస్త్రానికి పేరు గాంచినది. సయ్యద్ హుసేన్ జహీర్ దానికి సారథ్యం వహించారు. అక్కడ నూనెలపై పరిశోధన చేసిన కె.టి. అచ్చయ్య, 1993లో మన గానుగపైనే ఒక గ్రంథం ప్రకటించారు. అనంతపురంలో నూనె సాంకేతిక పరిశోధన సంస్థ ఉన్నది.

కమిటీ వారిని నేను కోరేది స్వల్పం. 1879లో సాక్స్‌లెట్ రూపొందించిన ఆ గాజు పరికరం మన బీరువాలో ఒకటి ఉన్నది, దాని కండెన్సర్ పగిలి రెండేళ్లయినది. మరి రెండు కొనండి. తృతీయ సంవత్సర విద్యార్థులు తమ ఇండ్ల నుండి, వీధి అంగళ్ల నుండి తెచ్చిన నూనెలనే పరీక్షకు ఇవ్వండి. అంగడివారితో విరోధం వస్తుందని ఒక పెద్దలు నాతో అన్నారు. ఆ భయం అకారణం కాదు. కనుక సీసాపై పేరు వద్దు, సంఖ్య చాలును. ఫలితం తెచ్చినవారికి తప్ప ఎవరికీ చెప్పరాదు. మన అంకెకు న్యాయస్థానంలో విలువ లేదు, ఉండనవసరమూ లేదు. నమూనా తీయవలసినవారు ఆహార భద్రతాధికారులు. అనుమానం గట్టిదైతే వారికి చేరవేసే దారి ఇంటివారికి చూపితే చాలును.

ప్రయోగశాల అలమారలో ఇప్పటికే ఏడు సీసాలు చేరినవి. మూడవ సంఖ్య మా ఇంటిది, ఈ సంక్రాంతికి ఆడినది. పొటాషియం హైడ్రాక్సైడ్ అయిపోయినది. అది వచ్చిన రోజున మొదట దానినే తీస్తాను.