యంత్రాలతో సహవాసం: జీపు వెనుక జీపు

గత సంచిక చేతికందిన వారంలోనే మన కాలనీ పాఠకులొకరు ఒక ప్రశ్న పంపించారు. వచ్చే మార్చిలో వారు పదవీ విరమణ చేసి విజయనగరం దగ్గరి స్వగ్రామానికి వెళ్ళిపోతున్నారు. వారి తండ్రిగారి నాటి పాత జీపు రెండేళ్ళుగా ఇంజను పనిచేయక షెడ్డులో ఉన్నది. పెద్దబ్బాయి దగ్గర కొత్త థార్ ఉన్నది. దానికి ఈ జీపును కట్టి, చిన్నబ్బాయిని వెనుక బండిలో స్టీరింగు పట్టించి, రాయపూర్, జగదల్‌పూర్, కోరాపుట్ మీదుగా తీసుకుపోవచ్చునా అని ప్రశ్న. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుంచి బిలాస్‌పూర్‌కు వచ్చిపోతున్న తెలుగు కుటుంబాలలో సామాను తరలింపు ఎరుగని ఇల్లు లేదు. జీపును వెంట కట్టుకుపోదామన్నవారు మాత్రం నాకు తెలిసి వీరే ప్రథములు.

ఇక్కడి డ్రైవర్లు దీనిని ‘టోచన్’ అంటారు. బండిని న్యూట్రల్‌లో పెడితే చాలునని వారి నమ్మకం. ఆ నమ్మకానికి బలియైన గేరుబాక్సులను వర్క్‌షాపులో విప్పించి చూశాను. బేరింగులు నీలిరంగుకు తిరిగి ఉంటాయి. కారణం సులభమే. చక్రాలు తిరిగితే ప్రొపెల్లర్ షాఫ్టు తిరుగుతుంది, దానితో గేరుబాక్సులోని వెనుక షాఫ్టు తిరుగుతుంది. దానికి నూనె చిమ్మవలసింది అడుగున ఉండే లేషాఫ్టు పళ్ళ చక్రాలు. ఆ లేషాఫ్టును త్రిప్పేది ఇంజను. ఇంజను ఆగి ఉంటే లేషాఫ్టు కదలదు, పైకి నూనె అందదు. ఫోర్‌వీల్ బండిలో ట్రాన్స్‌ఫర్ కేసు లివరును కూడా న్యూట్రల్‌లో ఉంచితే గేరుబాక్సుకు ఊరట లభిస్తుంది. అయినా ట్రాన్స్‌ఫర్ కేసు షాఫ్టులు తిరుగుతూనే ఉంటాయి. నాలుగైదు కిలోమీటర్లకు ఫరవాలేదు గాని, దూరమైతే ముందు వెనుక ప్రొపెల్లర్ షాఫ్టులు రెండూ విప్పవలసిందే. విప్పేముందు తిరిగి అదే స్థానంలో బిగించడానికి గుర్తులు పెట్టుకోవాలి.

ఇక్కడొక తిరకాసు ఉన్నది. పాతకాలపు విల్లీస్ నమూనా జీపులలో హ్యాండ్‌బ్రేకు చక్రాల దగ్గర ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనుకనున్న డ్రమ్మును పట్టుకుంటుంది. వెనుక షాఫ్టు విప్పిన మరుక్షణం ఆ హ్యాండ్‌బ్రేకు అలంకారప్రాయమే. చక్రాల క్రింద రాళ్ళు పెట్టకుండా ఆ షాఫ్టు బోల్టు ఒక్కటి కూడా వదులు చేయరాదు.

తరువాత త్రాడు సంగతి. చాలామంది ఇనుప తీగ త్రాడు బలమైనదని దానినే వెదుకుతారు. జీపు బరువు 1,200 కిలోలనుకుందాము. త్రాడు వదులై మళ్ళీ బిగిసే క్షణంలో రెండు బండ్ల వేగాలకు తేడా సెకనుకు ఒక్క మీటరే అనుకున్నా, వెనుక బండిలో అణగవలసిన శక్తి 600 జౌళ్ళు. ఇనుప త్రాడు రెండు సెంటీమీటర్లు సాగితే సగటు బలం 30,000 న్యూటన్లు, అనగా మూడు టన్నుల గుంజు. అదే నైలాన్ త్రాడు అర మీటరు సాగితే 1,200 న్యూటన్లు మాత్రమే. బంపరు ఊడివచ్చేది త్రాడు బలహీనమైనందువల్ల కాదు, సాగనందువల్ల. మన ఊరి రైల్వే సోదరులకు ఇది కొత్త కాదు. బొగ్గు రేకును కదిలించే లోకో పైలట్ ముందుగా కప్లింగుల వదులు తీసి, పిమ్మట మెల్లగా శక్తి పెంచుతాడు. వ్యాగను వ్యాగనుకూ డ్రాఫ్ట్ గేరు ఆ గుంజును మ్రింగుతుంది. పైగా ఆ రేకులో ప్రతి వ్యాగనుకూ ఎయిర్ బ్రేకు ఉన్నది. జీపుకు ఉన్నది చిన్నబ్బాయి కాలు మాత్రమే.

త్రాడుకు బదులు త్రికోణాకారపు ఉక్కు బారు వాడితే గుంజు ఉండదు. అది మంచి సాధనమే. కాని అప్పుడు వెనుక బండిలో ఎవరూ బ్రేకు వేయకపోతే, దిగుడులో దాని బరువంతా ముందు బండి బ్రేకులమీదనే పడుతుంది. వీరి దారిలో కేశ్‌కాల్ ఘాట్ ఎక్కుడు. భయపడవలసింది అక్కడ కాదు, కోరాపుట్ దాటి సాలూరుకు దిగేచోట. ఆ దిగుడు 700 మీటర్లనుకుంటే 1,200 కిలోల జీపు వదిలే శక్తి సుమారు 82 లక్షల జౌళ్ళు. అది 25 లీటర్ల చన్నీటిని మరిగించగలదు. థార్ తన బరువుకు తోడు ఆ వేడిని కూడా తన డిస్కులు, డ్రమ్ములలో భరించాలి. పొగ కనిపించేసరికి పెడల్ మెత్తబడి ఉంటుంది.

చట్టం సంగతి చివరకు వ్రాస్తున్నాను గాని, నిజానికి ముందే చూడవలసినది. 1989 నాటి రహదారి నియమాలు చెడిపోయిన బండిని డెలివరీకి, లేదా సమీపంలోని గ్యారేజికో పెట్రోలు బంకుకో లాగడానికి మాత్రమే అనుమతించాయి. రెండు బండ్ల మధ్య 5 మీటర్లకు మించరాదు, వెనుక బండిలో లైసెన్సుదారు ఉండాలి, తెల్లని పలకపై 75 మిల్లీమీటర్ల నల్లని అక్షరాలతో ‘ఆన్ టో’ అని వ్రాయాలి, వేగం గంటకు 24 కిలోమీటర్లు దాటరాదు అన్నాయి. వాటి స్థానంలో 2017లో కొత్త నియమావళి వచ్చినా, ఊళ్ళు దాటించే లాగుడుకు అది తలుపు తెరవలేదు. సుమారు 700 కిలోమీటర్ల దారిని 24 వేగంతో పోతే చక్రం మీదనే 29 గంటలు. ఆ సమయమంతా ముందు బండి వెనుక తలుపు తప్ప మరేమీ కనిపించని చోట చిన్నబ్బాయి కూర్చోవాలి. నేనైతే నా కుమారుణ్ణి కూర్చోబెట్టను.

కనుక సోదరునికి నా సమాధానం: జీపును షెడ్డునుంచి మెయిన్ రోడ్డుదాకా థార్‌తో లాగండి, అక్కడ లారీ ఎక్కించండి. తెలుగు ప్రాంతానికి తిరుగు సరుకు కోసం చూసే లారీ దొరికితే కిరాయి దిగివస్తుంది. త్రాళ్ళు బాడీకి కాదు, యాక్సిళ్ళకు కట్టించండి. చక్రాలకు ముందు వెనుక కొయ్య దిమ్మెలు మేకులతో బిగించాలి. పెట్రోలు ట్యాంకు దాదాపు ఖాళీ చేయించి, బ్యాటరీ తీగ ఊడదీయించండి. రాయపూర్‌లో ఒకసారి లారీ ఆపించి త్రాళ్ళు మళ్ళీ బిగించమనండి. మొదటి వంద కిలోమీటర్లలోనే అవి వదులవుతాయి. రిజిస్ట్రేషన్ మార్పుకు ఇక్కడి రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం మార్చికి ముందే తీసుకోండి. చిన్నబ్బాయి కోర్బా–విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో తల్లిగారికి తోడుగా వెళ్ళవచ్చును.