నిఖిల్‌కి అక్క ఉంది

ఓనిర్ 2005లో తీసిన ‘మై బ్రదర్ నిఖిల్’ గోవా ఈతగాడి కథ. హెచ్ఐవి అని తేలగానే తండ్రి గడప దాటిస్తాడు, ప్రభుత్వం నిర్బంధిస్తుంది. (1989లో గోవాలో డొమినిక్ డిసౌజాను నిజంగానే అలా నిర్బంధించారు.) చివరిదాకా వెంట నిలిచింది ప్రియుడు నైజెల్, అక్క అనామిక. నన్ను కదిలించింది ఆ అక్క. మన ఊళ్లో అలాంటి అక్కలెక్కడ?

తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్లు మొక్కుకొని చీర కట్టి, పూలు ముడిచి, డప్పులకు చిందేస్తే దణ్ణం పెడతాం. మొక్కు వేరు, మనసు వేరు, నిజమే. కానీ జాతర దాటాక కూడా అలాగే నడిచే, మగవాణ్ణే ప్రేమించే కుర్రాణ్ణి చూస్తే “పెళ్లి చేస్తే దారికొస్తాడు” అంటాం. ఎక్కువగా అనేది ఆడవాళ్లమే. రేపు ఆ ఇంటి కోడలు ఏఆర్‌టి కేంద్రం వరుసలో నిలబడితే మొగుణ్ణి తిడతాం. దాచినందుకు తిట్టాల్సిందే. బలవంతాన పీటలమీద కూర్చోబెట్టిన మనల్నో?

377 సంకెల 2018లో తెగింది. ఉద్యోగంలో, ఆసుపత్రిలో హెచ్ఐవి ఉన్నవారిపట్ల వివక్షను నిషేధించిన 2017 చట్టమూ ఆ ఏడే అమలయింది. ఈసారి సంఘం సమావేశంలో కోడళ్ల గోడుతోపాటు, పెళ్లిచూపులకు ముందే ఆ కుర్రాణ్ణి ఎవరు పలకరిస్తారో కూడా మాట్లాడుకుందాం.