గడి కారు - జీర్ణోద్ధరణము

పాతవస్తువును ప్రేమించుట వేరు. పాతకాలమును ప్రేమించుట వేరు. ఈ రెండింటి నడుమ నున్న భేదమును గమనింపకపోవుటచేత మన యిండ్లలోను, మన సాహిత్యములోను చాల పొరపాట్లు జరుగుచున్నవి. ఈ మాట చెప్పుటకు నేనొక పాత కారును ఆధారముగా తీసికొనుట పాఠకులకు వింతగా తోచవచ్చును. తెలుగు పాఠములు చెప్పుకొని బ్రతుకువానికి కార్లతో ఏమి పని యని కొందరు నవ్వవచ్చును. నవ్విన పిమ్మట కొంచెము ఓపికతో వినవలసినదని మనవి.

మూడేండ్ల క్రిందట నేనొక అంబాసిడరు కారును కొంటిని. అది 1964వ సంవత్సరములో తయారైనది. జగిత్యాలకు కొన్ని మైళ్ల దూరమున నున్న మా ఊరిలో, కూలిపోయిన గడి వెనుక, రేకుల కొట్టములో, చక్రములు నేలలోనికి దిగిపోయి పడియుండెను. దాని క్రింద కోళ్లు పొదుగుచుండెను. గడి యనగా ఏమో ఉత్తర తెలంగాణమువారికి చెప్పనక్కరలేదు. ఇతర ప్రాంతములవారి కొరకు చెప్పుచున్నాను: గడి దొర నివసించు పెద్ద యిల్లు. ధాన్యపు గాదె అదియే, తీర్పులు చెప్పు కచేరి అదియే, వెట్టి చేయువారు తెల్లవారకముందే పోయి నిలుచుండు వాకిలియు అదియే. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీలు జైత్రయాత్ర జరిపిరి. ఆ సంవత్సరమే ప్రభుత్వము జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించెను. ఆ పిమ్మట మా వైపు గడులు ఒక్కొక్కటిగా పాడుపడినవి. దొరలు పట్టణములకు తరలిపోయిరి. మా ఊరి దొరయు పోయెను. కొన్నాళ్లకు కారు పాడై, బాగుచేయించు దిక్కులేక, ఆ కొట్టములోనే ఉండిపోయెను.

నా బాల్యమున ఆ కారు ఊరిలోనికి వచ్చునపుడు చప్పుడుకంటె ముందు దుమ్ము కనబడెడిది. అరుగులపై కూర్చున్నవారు లేచి నిలుచుండెడివారు. కావున దానిని కొనుచున్నానని చెప్పినపుడు మా అమ్మ సంతోషింపలేదు. "గా గడి కారు మన వాకిట్లకెందుకు బిడ్డా? అది అస్తున్నదంటె మీ తాత చెప్పులు చేతుల వట్టుకొని నిలవడెటోడు" అనెను. ఆ మాటకు నాయొద్ద సమాధానము లేకపోయెను. కారును కొంటిని గాని, ఆ ప్రశ్న నన్ను విడువలేదు.

అంబాసిడరును ఎరుగని పెద్దలుండరు. నేటి విద్యార్థుల కొరకు రెండు మాటలు చెప్పుదును. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు నమూనాను తీసికొని, హిందుస్థాన్ మోటార్సువారు కలకత్తా సమీపమున ఉత్తరపారాలో 1950ల చివర దీనిని తయారుచేయ నారంభించిరి. 1962లో రెండవ మార్కు వచ్చెను; నా కారు ఆ తరగతిలోనిది. 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను, స్టీరింగు ప్రక్కనే గేరు కర్ర, ముందు సీటు కూడ బల్లవలె ఒకటే. లైసెన్సుల కాలములో కారు కావలెనన్నచో డబ్బు కట్టి ఏండ్ల తరబడి ఎదురుచూడవలసి యుండెడిది. మంత్రులు, కలెక్టర్లు, బొగ్గుగనుల అధికారులు దీనిలోనే తిరిగిరి. మంథని నుండి శాసనసభకు ఎన్నికైన పి.వి. నరసింహారావుగారు ప్రధానమంత్రియైన నాటికి గూడ సర్కారు కారు అనగా అంబాసిడరే. 2014 మే నెలలో దీని తయారీ నిలిచిపోయెను.

ఇట్టి కారును కొనదలచినవారికి నా యనుభవము నుండి కొన్ని విషయములు చెప్పుట నా విధి. ఈ కారునకు విడిగా చట్రము లేదు. ఒంటి రేకే దానికి చట్రము. కావున పైమెరుగును చూచి మోసపోరాదు. నేలరేకును, తలుపుల క్రింది అంచులను వంగి చూడవలెను. జేబులో ఒక అయస్కాంతమును వేసికొని పోవలెను. మంచి రేకు ఉన్నచోట అది అతుకుకొనును. తుప్పును కప్పి దళసరిగా లప్పము పూసినచోట జారిపోవును. ఇంజనుపైని సంఖ్యయు, ఒంటిపైని సంఖ్యయు రిజిస్ట్రేషను పుస్తకములోని సంఖ్యలతో సరిపోవుచున్నవో లేదో చూచుకొనవలెను. పదిహేనేండ్లు దాటిన కారునకు ఐదేండ్ల కొకసారి రిజిస్ట్రేషను పొడిగింపవలసి యుండును గనుక, అది ఎన్నాళ్ల నుండి ఆగిపోయినదో విచారింపవలెను. నేను ఇవన్నియు తెలిసికొనినది కొన్న తరువాతనే. నా అయస్కాంతము నాలుగుచోట్ల జారిపడెను.

కారును లారీపై ఎక్కించి కరీంనగరు చేర్చి, ఒక వృద్ధుడైన మెకానిక్కు చేతిలో పెట్టితిని. ఆయనకు డెబ్బది దాటినవి. ఆ వీధిలో అందరును ఆయనను ఉస్తాదు అందురు. నా స్నేహితులు అప్పటికే నాకు సలహాల నిచ్చియుండిరి: డీజిలు ఇంజను వేయింపుము, చల్లగాలి యంత్రము పెట్టింపుము, ఎర్రరంగు కొట్టింపుము, పెండ్లి ఊరేగింపులకు అద్దెకిచ్చినచో పెట్టుబడి తిరిగివచ్చును అని. నా మనస్సు కొంత ఊగిసలాడెను. ఉస్తాదు బానెట్టు ఎత్తి చాలసేపు చూచెను. నేను స్నేహితుల మాటలన్నియు ఏకరువు పెట్టితిని. అంతయు విని, "మార్చుడు అల్కనే సారూ. ఉన్నదాన్ని నిలవెట్టుడే పని" అనెను. ముప్పది యేండ్లకు దగ్గరగా నేను తరగతిలో చెప్పుటకు ప్రయత్నించుచున్న విషయమును ఆయన ఆరు మాటలలో చెప్పెను.

ప్రాచీన గ్రంథమును పరిష్కరించుటకు రెండు మార్గములు కలవు. తాళపత్రమున పురుగు తిన్నచోట తన కవిత్వమును చొప్పించి పద్యమును పూర్తిచేయుట ఒకటి. ప్రతులను పోల్చి, దొరికిన పాఠమును నిలిపి, దొరకనిచోట ఖాళీ విడిచి, తాను చేసిన మార్పును అడుగున చెప్పుకొనుట రెండవది. మొదటి మార్గమున పద్యము అందముగానే ఉండవచ్చును. కవి మాత్రము మాయమగును. పందొమ్మిదవ శతాబ్దమున బ్రౌను దొర పండితులను కూర్చుకొని, ప్రతులను సేకరింపించి, పోల్పించినందువలన ఎన్నో కావ్యములు మనకు దక్కినవి. శిల్పమునకు గూడ ఇదియే ధర్మము. హనుమకొండ వేయిస్తంభముల గుడి కల్యాణమండపమును విప్పి, రాళ్లకు సంఖ్యలు వేసి, మరల పేర్చి, 2024 మార్చిలో తెరచిరి. పని మొదలైనది 2006లో. సిమెంటు మండపమైనచో ఆరు నెలలలో లేచెడిది గదా యని అడుగువారుందురు. లేచెడిదే. అయితే దానిని కాకతీయుల మండపమని పిలుచుటకు మనకు నోరు రాకపోయెడిది.

ఉస్తాదు నడచినది ఈ రెండవ మార్గముననే. పాత కార్బురేటరును పారవేయక, విప్పి కడిగి, సూదిని, వాషర్లను మాత్రము మార్చెను. డైనమోకు తీగ తిరిగి చుట్టించెను. తుప్పు తిన్న నేలరేకును కోసివేసి, అంతే మందముగల రేకును వంచి అతికెను. లప్పము వాడక తప్పనిచోట గోరుమందము దాటనీయలేదు. దొరకని భాగముల కొరకు నేను సికింద్రాబాదు రాణిగంజు దుకాణముల చుట్టు ఎన్ని సెలవులు ఖర్చు చేసితినో లెక్కలేదు. తీసివేసిన ప్రతి భాగమును ఒక గోనెసంచిలో వేసి, "ఇవి గూడ మీవే సారూ, పారెయ్యకుండ్రి" అని నా చేతి కిచ్చెను. మార్చినదేదో, మార్చనిదేదో తేదీలతో నేనొక నోటుపుస్తకమున వ్రాసియుంచితిని. ఆ పుస్తకము ఈ కారునకు పీఠిక. పని ముగియుటకు పదునాలుగు నెలలు పట్టెను. కొన్న ధరకు మూడింతలు ఖర్చయ్యెను. లాభము చూచువారు ఈ దారికి రాకుండుట మేలు.

అన్నియు పాతవే యుండవలెనని పట్టుబట్టుట గూడ మూర్ఖత. నేడు పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలియుచున్నది. ఆ కాలపు రబ్బరు గొట్టములు దానికి ఓర్చుకొనలేవు. పగిలి కారినచో నిప్పు ప్రమాదము. అందుచేత వానిని మార్చితిమి. బ్రేకు గొట్టములు, టైర్లు, విద్యుత్తీగలు అట్టివే. ప్రాణరక్షణకు కావలసినదానిని మార్చవలెను; మార్చితినని చెప్పవలెను. చెప్పకుండ మార్చుటయే దోషము.

ఇక సీట్ల విషయము. వెనుక సీటు దుమ్ము పట్టినదే గాని చెక్కుచెదరలేదు. ముందు సీటు మాత్రము డ్రైవరు కూర్చుండువైపు అరిగి, గుంటపడి, మూడుచోట్ల గోనెసంచులు కుట్టు దారముతో కుట్టబడియుండెను. దానిని ఊడబెరికి కొత్త రెగ్జిను వేయింపవలెనని నా తలంపు. ఆ మాట ఇంటిలో అన్నపుడు అమ్మ చెప్పెను: దొర పట్టణమున వ్యవహారములు చూచుకొనునంతసేపు, చుట్టముల విందులలో నుండునంతసేపు, కొన్ని మార్లు తెల్లవారువరకు, డ్రైవరు ఆ సీటులోనే కూర్చుండి, అందులోనే నిదురించి, చినిగినపుడు తానే కుట్టుకొనెనట. ఆయన మా వాడకట్టువాడే. వెనుక కూర్చున్నవాని పేరు ఊరిలో అందరికిని జ్ఞాపకమున్నది. ముందు కూర్చున్నవానిని అమ్మ తప్ప మరెవ్వరును తలచలేదు.

ఆ కుట్లను అట్లే ఉంచితిని. అమ్మ ప్రశ్నకు సమాధానము నాకు అక్కడ కొంత దొరికెను. ఆ కారును చేసినవారు ఉత్తరపారాలోని కార్మికులు. నడిపినవాడు మా వాడకట్టువాడు. బ్రతికించినవాడు కరీంనగరు ఉస్తాదు. దొర దానిలో ఎక్కి దిగెను, అంతే. ఆ కుట్లను చెరిపి, పైన మెరుగు పెట్టి, దర్పము కొరకు ఊరేగించినచో నేను దొరతనమునకు జీర్ణోద్ధరణము చేసినవాడనగుదును. కుట్లతో సహా నిలిపినచో ఆ చేతుల పనిని నిలిపినవాడనగుదును. వస్తువొకటియే, నిలుపు విధమునుబట్టి అర్థము మారును.

హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున 1912వ సంవత్సరపు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్టు కారు కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కోరి చేయింపగా, అది చేరకముందే 1911లో ఆయన మరణించెను. ఏడవ నిజాము కాలమున అది ఉత్సవములకు మాత్రమే వెలువడెను. పసుపు వన్నె, సింహాసనమును బోలిన ఆసనము. మరమ్మతు పొంది నేడు అది ప్రదర్శనలో నున్నది. దానిని చూచి నేను ఆనందించితిని. అయితే రాజుల కార్లకు సంరక్షకులు దొరకుదురు. బెల్లంపల్లి, మందమర్రి గనుల ఆఫీసుల ముందు నిలిచిన కార్లు, కాగజ్‌నగరు కాగితపు మిల్లు కాలనీలో తిరిగిన కార్లు, ఉట్నూరు అడవిదారులలో ప్రాకిన జీపులు తుక్కుక్రింద తూకమునకు పోవుచున్నవి. మన జిల్లాల శ్రమచరిత్ర ఆ రేకులలోనే ఉన్నది.

పాత బండ్లు పొగ చిమ్మునని, కొత్తకాలమునకు తగవని కొందరందురు. త్రోసివేయదగిన మాట కాదది. ఊరినిండ పాత కార్లే తిరుగవలెనని నేననుటలేదు. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము 50 ఏండ్లు దాటి, స్వరూపము మారని బండ్లను ప్రత్యేక తరగతిగా నమోదు చేసికొనవచ్చును. కొత్త నమోదునకు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేండ్లు. ఆ తరగతిలో చేరిన బండి ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలునకు, మరమ్మతునకు తప్ప నిత్యము రోడ్డుపై తిరుగరాదు. స్వరూపము మారరాదను నిబంధన మెచ్చదగినదే. కాని ఆ రుసుము ధనికునకు లెక్కలోనిది కాదు. తండ్రి నడిపిన జీపును కాపాడుకొనదలచిన చిన్న రైతునకు అది భారము. సామాన్యుని బండికి రుసుము తగ్గించుట న్యాయము.

అంతకంటె ముఖ్యమైనది మరొకటి కలదు. కరీంనగరు వెండి తీగపనికి, నిర్మల్ బొమ్మలకు, ఆదిలాబాదు డోక్రా పనికి భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చినది, మనమందరము సంతోషించితిమి. సుత్తెతోను, చెక్కదిమ్మెతోను రేకును వంచి, కన్నులు మూసికొని వ్రేళ్లతో తడవి వంపును సరిచూచు ఉస్తాదు పనిని మాత్రము మనము కళ యనము, మరమ్మతు అందుము. ఆయన కుమారుడు ఫోన్ల దుకాణము పెట్టుకొనెను. అది ఆతని తప్పు కాదు. నేటి బండిలో ఒక భాగము చెడినచో భాగమునే మార్తురు గాని, బాగుచేయుట అరుదు. నేర్పువాడున్నాడు, నేర్చువాడు లేడు. మన ప్రాంతపు పారిశ్రామిక శిక్షణాలయములు ఇట్టి వృద్ధులను పిలిపించి, తగిన గౌరవవేతనమిచ్చి, వారమున కొక పూటయైన పిల్లలకు పాఠము చెప్పింపవలెను. కార్లు మరి కొన్నేండ్లు ఆగగలవు. ఆ చేతులు ఆగలేవు.

ఇప్పుడు కారు మా వాకిట నున్నది. ఆదివారములు ధర్మపురి వరకు పోయివచ్చుచుందును. అమ్మ ఇంతవరకు ఎక్కలేదు. ఎక్కుమని నేనును అడుగలేదు. మొన్న ఒక సాయంకాలము తలుపు తీసియుండగా వచ్చి, ముందు సీటు కుట్లను చేతితో తడవి, ఆ డ్రైవరు పేరు చెప్పెను. నోటుపుస్తకపు మొదటి పుటలో యజమాని పేరు కొరకు విడిచిన ఖాళీ ఉండెను. అందులో ఆ పేరు వ్రాసితిని.