పుస్తకమా, ఇయర్‌ఫోనా? మా ఇంట్లో లెక్క వేరు

ఆడియో బుక్ వినడం చదవడం కిందికి రాదని మా బంధువుల వాట్సాప్ గ్రూపులో అప్పుడప్పుడూ వాదన వస్తుంది. అట్లా అనేవాళ్ళందరికీ తెలుగు అక్షరాలు వచ్చు. మా తిరుత్తణి చిన్నమ్మకు రావు.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి పోయింది. ఇంట్లో మాట మారలేదు, బడి మారింది. చిన్నమ్మ తమిళంలోనే చదువుకునింది. బడుల్లో తమిళం తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చింది. తిరువళ్ళూరులో మా అన్న పిల్లలదీ ఇప్పుడు అదే చదువు. తమిళం మీద నాకు కోపం లేదు. కానీ వీళ్ళకు తెలుగు కథ రావాలంటే చెవి గుండానే రావాలి.

నాది కన్నడ మీడియం. రెండు లిపులూ అన్నదమ్ముల మాదిరి ఉంటాయి కాబట్టి, క, త లాంటివి కొన్ని సరిచేసుకుని బస్సు బోర్డుల నుంచి నవలల దాకా వచ్చేశాను. తమిళం చదివినవాళ్ళకు ఆ సులువు లేదు.

లోకల్ ట్రైన్‌లో నేనూ వింటాను. అయితే నాది టెస్టర్ బుద్ధి, తేడా అనిపిస్తే వెనక్కి పోయి చూడాల్సిందే. అరక్కోణంలో జనం ఎక్కే గోలలో రెండు పేజీలు పోతే, ఎక్కడ పోయాయో వెతకడానికే తిరువళ్ళూరు వచ్చేస్తుంది.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. చిన్నమ్మకు ఫోన్‌లో ఒక నవల పెట్టిచ్చాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తా అరగంట వినింది. "బాగుంది గానీ, టీవీలో వార్తలు చెప్పినట్టుందిరా" అనింది. తర్వాత నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి 'పచ్చనాకు సాక్షిగా' తీసి నేనే పైకి చదివాను. అది చిత్తూరు జిల్లా పల్లె మాట. నేను కన్నడ యాసలో తడబడతా ఉంటే మధ్యలో ఆపి, "అట్ల కాదురా, మా అవ్వ ఇట్ల అనేది" అని దిద్దింది. అక్షరం రాని మనిషి, పుస్తకం పట్టుకున్న నన్ను దిద్దింది!

అందుకే ఆడియో బుక్కులు వినండి, సిగ్గుపడే పనేం లేదు. కానీ ఇంట్లో అక్షరం వచ్చినవాళ్ళు ఒక్కరైనా వారానికొక కథ పైకి చదవండి, తప్పులతోనే సరే. దూరంగా ఉన్నవాళ్ళకు ఫోన్‌లో రికార్డు చేసి పంపండి. మా అన్న పిల్లలు నా రికార్డింగులు విని నా యాసను వెక్కిరిస్తా ఉంటారు. పోయిన వారం పెద్దోడు "ఆ పుస్తకం ఇట్టియ్యి చిన్నాయనా, ఎట్లుందో చూస్తా" అన్నాడు. ఇప్పుడు 'క' దగ్గర ఉన్నాడు.