మెగాపిక్సెళ్లతోనే తేలుతుందా?

పన్నెండు మెగాపిక్సెళ్ల పాత డీఎస్‌ఎల్‌ఆర్ కన్నా ఇరవై మెగాపిక్సెళ్ల కాంపాక్ట్ కెమెరా మేలన్న మీ వ్యాసం తప్పుదారి పట్టించేది. 2008లో వచ్చిన నికాన్ డీ90నే తీసుకోండి. దాని సెన్సర్ వైశాల్యం మామూలు కాంపాక్ట్ సెన్సర్‌కు పది రెట్ల పైమాటే. మార్కాపురం చెన్నకేశవస్వామి గుడి మండపంలో స్తంభాల మీది శిల్పాలను ఫ్లాష్ లేకుండా రెండింటితోనూ తీసి చూడండి. చిన్న సెన్సర్ ఫొటోలో నీడలన్నీ ఇసుక చల్లినట్టుంటాయి. కంభం చెరువులో దూరాన వాలిన కొంగలంటారా, అక్కడ ఎక్కువ జూమ్ ఉన్న కాంపాక్టే నయం. డీఎస్‌ఎల్‌ఆర్‌కు అంత పొడుగు లెన్సు కొనడం మనబోటివాళ్ల తరమా? ఇక పాత బాడీ కొనేవారు షట్టర్ కౌంట్, అంటే అప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీసిందో అడగాలి, లెన్సును వెలుతురుకు పట్టి బూజుందేమో చూడాలి. మీరు రాయాల్సింది ఇదీ.

– ఒక పాఠకుడు, గిద్దలూరు