అప్పగించిన అధికారం వెనక్కి వస్తుందా?

అధికారం గురించి మాట్లాడకుండా స్త్రీ పురుష సంబంధాల గురించి మాట్లాడలేమని స్త్రీవాదం మొదటినుంచీ చెబుతోంది. అయితే ఇద్దరు వయోజనులు ఆ అధికారాన్ని దాచకుండా, ముందే మాట్లాడుకుని, కొన్ని హద్దుల మధ్య ఒకరు మరొకరికి అప్పగిస్తే దాన్నెలా అర్థం చేసుకోవాలి? ఏ మాట అంటే ఆగిపోవాలో, ఏది అసలు కుదరదో ముందే అనుకుని, ఎప్పుడైనా విరమించుకునే వీలుతో నడిచే ఈ సంబంధాలను బి.డి.ఎస్.ఎం. అన్న పేరు కింద చెబుతున్నారు.

ఇది నగరాల సంగతి, తుని లాంటి ఊళ్ళో మనకెందుకని తోసెయ్యడానికి లేదు. ఫోను చేరిన ప్రతి ఇంటికీ ఆ మాటలు, అంతకంటే ఎక్కువగా ఆ బొమ్మలు చేరాయి. భార్యను హింసించి "తనకూ ఇష్టమే" అనే మగవాడూ, నిజంగా తన ఇష్టంతోనే అలాంటి సంబంధంలో ఉండి సిగ్గుతో నోరు విప్పలేని స్త్రీ, ఇద్దరూ మన ముందుకు రావచ్చు. రెండు పరిస్థితులనూ ఒకే గాటన కడితే నష్టపోయేది స్త్రీయే.

కొత్తగా తెలుసుకోవాలనుకునేవారు ఏం చదవాలి? నా ఉద్దేశంలో సమ్మతి అడగకుండానే అధికారం చేతులు మారిన మన చరిత్రతో మొదలుపెట్టాలి. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి సరిత కేసులో ఇచ్చిన తీర్పు అందులో మొదటిది. దాంపత్య హక్కుల పునరుద్ధరణ పేరుతో ఇష్టం లేని భార్యను భర్త దగ్గరకు పంపడమంటే ఆమె శరీరంపై నిర్ణయాన్ని ఆమె చేతిలోంచి లాక్కోవడమేనని, హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని ఆయన కొట్టేశారు. 1984లో సుప్రీంకోర్టు సరోజ్ రాణి కేసులో ఆ సెక్షన్‌ను తిరిగి నిలబెట్టింది. అప్పగించడమే తప్ప వెనక్కి తీసుకోవడం లేని అధికారం ఎలా ఉంటుందో ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చదివితే తెలుస్తుంది.

తర్వాత ముద్దుపళని 'రాధికా సాంత్వనము'. స్త్రీ తన కోరికను తానే చెప్పిన ఆ 18వ శతాబ్దపు కావ్యాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చు వేయిస్తే ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం 1947 దాకా తొలగలేదు. కోరిక చెప్పుకునే నోరే మూసేసిన చోట సమ్మతి అన్న మాటకు అర్థమేముంది? చలం 'మైదానం' కూడా ఈ కోణంలో మళ్ళీ చదవాలి. రాజేశ్వరి తన ఇష్టంతోనే అమీర్‌తో వెళ్ళింది. వెళ్ళాక ఆ ఇష్టం ఎంతవరకు ఆమెదిగా మిగిలింది? ఇక శరీరం గురించి సిగ్గుపడకుండా మాట్లాడుకోవడానికి స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'సవాలక్ష సందేహాలు' ఉండనే ఉంది.

ఆ తర్వాతే బయటి పుస్తకాలు. అమెరికా స్త్రీవాదులు ఈ విషయంపై నిలువునా చీలిపోయారు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని సమోయిస్ అనే లెస్బియన్ స్త్రీల బృందం 1981లో 'కమింగ్ టు పవర్' తెస్తే, మరుసటి ఏడే దాన్ని వ్యతిరేకించే వ్యాసాలతో 'ఎగైనెస్ట్ శాడోమాసోకిజం' వచ్చింది. రెండూ చదవాలి. ఆచరణలో జాగ్రత్తల కోసమైతే డాసీ ఈస్టన్, జానెట్ హార్డీ రాసిన 'ది న్యూ బాటమింగ్ బుక్' పనికొస్తుంది. అధికారం అప్పగించే మనిషి నోరులేని మనిషి కాకూడదన్నది అందులో ముఖ్యమైన విషయం.

పితృస్వామ్యంలో స్త్రీ సమ్మతి నిజమైంది కాదని మనలో కొందరంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ ఆమె "ఔను" చెల్లదని మనమే అంటే, రేపు ఆమె "కాదు"కు విలువ ఇమ్మని ఎవరిని అడుగుతాం? మనం చూడాల్సింది ఆ మాట వెనకున్న పరిస్థితుల్ని. కాదంటే ఆమెకు తిండి, ఇల్లు, పిల్లలు దక్కుతాయా? హద్దులు ఆమె కూడా పెట్టిందా? ఆపమన్నప్పుడు నిజంగా ఆగిందా? ఈ మూడింటిలో దేనికి జవాబు లేకపోయినా అది హింసే.

చట్టం కూడా తెలుసుకుని ఉండాలి. భయంతో ఇచ్చిన సమ్మతి సమ్మతి కాదని భారతీయ న్యాయ సంహిత 28వ సెక్షన్ చెబుతోంది. 18 ఏళ్ళు దాటిన వ్యక్తి ఒప్పుకున్నా, తీవ్రగాయం చెయ్యాలన్న ఉద్దేశంతో చేసిన పనికి 25వ సెక్షన్ రక్షణ ఇవ్వదు. గృహహింస నుంచి రక్షణ కల్పించే 2005 చట్టం లైంగిక హింసను కూడా గుర్తించింది, పెళ్ళి లాంటి సహజీవనానికీ వర్తిస్తుంది. అదే న్యాయ సంహిత 63వ సెక్షన్ మాత్రం 18 ఏళ్ళు నిండిన భార్యపై భర్త చేసే బలాత్కారాన్ని అత్యాచారంగా లెక్కించడం లేదు. 2022లో ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తులిద్దరూ ఈ మినహాయింపుపై చెరో తీర్పు ఇచ్చారు.

అంటే ఆపమనే హక్కును మాటల్లో రాసుకుని నడిచే సంబంధాన్ని చూసి ఉలిక్కిపడే సమాజమే, ఆ హక్కు లేని దాంపత్యాన్ని పవిత్రమంటోంది. అందుకే ఈ పుస్తకాలు పడగ్గది సరదా కోసం మాత్రమే కాదు. మన సంఘాల్లో నలుగురైదుగురు కూర్చుని చదవాలి, ఇంగ్లీషు రానివాళ్ళకు తెలుగులో సారాంశాలు రాసి అందించాలి. ఆపమని అనే హక్కు ఏ సంబంధంలోనైనా మొదటి హక్కని మన ఆడపిల్లలకు చెప్పాల్సింది మనమే.